వేరే గ్రూపా, పక్కన తోడా, ఆటనే మార్చడమా: ఏది మేలు?

వైకల్యం ఉన్న పాపో బాబో యూత్ గ్రూప్‌లో చేరతానని వస్తే, నడిపేవాళ్ల ముందు మూడు దారులుంటాయి. అలాంటి పిల్లలకు విడిగా గ్రూప్ పెట్టడం, అందరితో చేర్చుకుని పక్కన ఒక వలంటీర్‌ను ఉంచడం, చేర్చుకుని ఆటనే వాళ్లకు అందేలా మార్చడం. నా ఓటు మూడోదానికే. అలాగని మిగతా రెండూ తీసిపారేసేవి కావు.

విడి గ్రూప్‌లో హడావిడి తక్కువ, నేర్పేవాళ్లకు ఓపికా అనుభవమూ ఎక్కువ. వినికిడి లేని పిల్లల సంగతే చూడండి. సైగ భాష అందరికీ వచ్చిన చోట వాళ్లు తడుముకోకుండా కబుర్లు చెప్పుకుంటారు, పోట్లాడుకుంటారు కూడా. ఆ అవసరం నిజమైనది. చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, అలాంటి గ్రూప్ ఒకటుందని తెలియగానే "మీ బాబుకి అక్కడే బాగుంటుందండీ" అని అందరినీ అటు పంపేయడం మొదలవుతుంది. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 30వ అధికరణం, ఆటల్లో, వినోదంలో వాళ్లకు మిగతా పిల్లలతో సమానంగా చోటుండాలని చెబుతోంది. కాబట్టి విడి గ్రూప్‌కు వెళ్లడం పిల్లలు కోరుకుంటే జరగాలి, ఇక్కడ తలుపు మూసినందుకు కాదు.

పక్కన తోడు ఉంటే అమ్మానాన్నల టెన్షన్ తగ్గుతుంది. ఫిట్స్ వచ్చే పిల్లలకు, ఎత్తి కూర్చోబెట్టాల్సిన పిల్లలకు తోడు తప్పనిసరి. కానీ ఒక పెద్ద మనిషి అస్తమానం అంటిపెట్టుకుని ఉంటే తోటి పిల్లలు దగ్గరికి రారు. వచ్చినా "అక్కా, వీడు ఆడతాడా?" అని ఆ పెద్దావిడనే అడుగుతారు. అడగాల్సిన పిల్లాడు ఎదురుగానే కూర్చుని ఉంటాడు. చివరికి స్కోరు రాసే పని అప్పగిస్తారు, లేదా ఆటలో అరటిపండును చేస్తారు. ఇంతకన్నా ఆ వలంటీర్‌ను ఒక్కరికని కాకుండా గ్రూప్ మొత్తానికి కేటాయించి, అవసరమైనప్పుడే దగ్గరికి వెళ్లమనడం మంచిది.

ఇక ఆటను మార్చడం. క్రీడల్లో ఇది ఎప్పుడో చేసి చూపించారు. చూపు లేనివాళ్ల కోసం పుట్టిన గోల్‌బాల్‌లో, శబ్దాన్ని బట్టి ఆడేందుకు బంతిలో గంటలుంటాయి, ఆడేవాళ్లందరూ కళ్లకు గంతలు కట్టుకుంటారు, చూపు కొద్దోగొప్పో ఉన్నవాళ్లు కూడా. సిటింగ్ వాలీబాల్ నేల మీద కూర్చుని ఆడతారు. పురుషుల వాలీబాల్ నెట్ ఎత్తు 2.43 మీటర్లయితే ఇందులో 1.15 మీటర్లే. ఒక తాడు, పెద్ద బెలూన్ ఉంటే ఏ హాల్లోనైనా దీన్ని ఆడించొచ్చు. నడవలేని పిల్లాడు నేల మీద కూర్చోగలిగితే చాలు, పరుగులో ఫస్ట్ వచ్చేవాడితో సమానంగా బెలూన్ కొడతాడు. స్పెషల్ ఒలింపిక్స్ వారి యూనిఫైడ్ స్పోర్ట్స్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే జట్టుగా ఆడతారు.

ఆటలు కానివాటిలో మార్పులు ఇంకా చిన్నవి. ఆటిజం ఉన్న పిల్లల కోసం ఏది తర్వాత ఏదో బొమ్మల కార్డుల్లో గోడకు పెట్టండి. ఆట ఆపే ఐదు నిమిషాల ముందే చెప్పండి. విజిల్ బదులు చెయ్యెత్తండి. బొమ్మల బోర్డు మీద వేలు పెట్టి మాట్లాడే పాపను ప్రశ్న అడిగాక ఆగండి. ఆ నిశ్శబ్దం పెద్దవాళ్లకే కష్టంగా ఉంటుంది, ఆమె బదులు జవాబు చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకండి. జాలితో గెలిపించడమూ వద్దు, పిల్లలు ఇట్టే పసిగడతారు.

దీనికి ముందస్తు తయారీ కావాలి, అన్ని ఆటలూ మారవు. ఇద్దరే లీడర్లున్న పెద్ద గ్రూప్ అయితే తోడుతో మొదలుపెట్టి, ప్రతి మీటింగ్‌లో ఒక్క ఆటనైనా అందరికీ అందేలా మార్చుకుంటూ పోవచ్చు. చేర్చుకునే రోజున వైకల్యం పేరు అడిగి ఊరుకోకుండా "నీకేం ఆడాలనుంది? మేమేం చేస్తే నీకు సులువు?" అని ఆ బిడ్డనే అడగండి. ఏ ఆటను ముందు మార్చాలో అక్కడే తెలుస్తుంది.