నేలపట్టులో పొద్దున పక్షులు, ఎండెక్కాక తూనీగలు

ఫ్లెమింగోల కోసం సూళ్లూరుపేట వచ్చేవాళ్లు చాలామంది దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రాన్ని గంటలో చుట్టేసి పులికాట్ సరస్సుకు పరిగెత్తుతారు. వారాంతంలో ఒక రోజు మొత్తం నేలపట్టుకే ఇవ్వాలంటాను.

మేం జనవరిలో వెళ్లాం. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్లే. వాచ్‌టవర్ మీద నుంచి బైనాక్యులర్స్‌తో ఒక్క గూటినే చూస్తూ కూర్చున్నాం. తల్లి వాలగానే పిల్ల ఎగబడి దాని నోట్లోకి మెడదాకా తల దూర్చేసింది. అది రెక్కలు టపటపా కొట్టుకుంటూ చేపలు లాక్కుని తింటుంటే తల్లి నిలదొక్కుకోలేక కొమ్మ మీద ఊగిపోయింది. పక్క చెట్ల మీద నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు. 1976లో ఇది రక్షిత కేంద్రమైంది. ఊరివాళ్ల ఆదరణ లేకపోతే ఇన్ని పక్షులు ఇంత దగ్గరగా గూళ్లు పెట్టవు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పారితే పంట బాగా వస్తుందని రైతులు చెబుతారు.

ఎండెక్కాక చాలామంది వెళ్లిపోతారు. పురుగుల కోసం వచ్చినవాళ్లకు అసలు సమయం అప్పుడే. ఒళ్లు వేడెక్కితే గానీ తూనీగలు చురుగ్గా ఎగరవు. కట్ట పక్కన గులాబీరంగు మగ తూనీగ ఒకటి ఎండుపుల్ల మీద కాపలా కూర్చుంది. ఇంకోటి దగ్గరికొస్తే తరిమేసి మళ్లీ అదే పుల్ల మీద వాలేది. మన నీడ దాని మీద పడకుండా నెమ్మదిగా జరిగితే ఫోన్‌తోనే మంచి ఫొటో వస్తుంది.

బసకు సూళ్లూరుపేటే నయం. ఏసీ ఉందా అనేకంటే పొద్దున ఐదింటికి గేటు తీస్తారా అని అడగండి. మేమున్న లాడ్జిలో వాచ్‌మన్‌ను లేపి తాళం తీయించేసరికి తెల్లారిపోయింది. ఆటోను వెయిటింగ్‌తో కలిపి మాట్లాడుకోండి, ఇడ్లీలు కట్టించుకెళ్లండి. చెన్నై నుంచి సూళ్లూరుపేటకు లోకల్ రైళ్లున్నాయి.

రెండో రోజు పులికాట్. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది కాబట్టి రెండు వైపులా పక్షులే. చలికాలం సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు, అందుకే ఉత్తరం వైపు చూస్తే రంగులు బాగా తెలుస్తాయి. ఫ్లెమింగోలు తల కిందులుగా ముంచి బురదనీళ్లు వడగట్టుకుంటూ తింటాయి. దగ్గరికి పోవాలని బురదలోకి దిగితే గుంపంతా లేచిపోతుంది, వాటి తిండి చెడుతుంది. రోడ్డు మీదే నిలబడండి. సరస్సు ఒడ్డునున్న బి.వి. పాలెంలో పడవ షికారు పిల్లలకు సరదా, పక్షుల కోసమైతే మాత్రం ఈ రోడ్డే మేలు. ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో మైకుల హోరు, జనం తొక్కిడి. ఆ తేదీలు చూసుకుని, అవి కాని వారం పెట్టుకోండి.

సరస్సు నిండుగా ఉంటే ఫ్లెమింగోలు లోతు తక్కువున్న చోట్లు వెతుక్కుంటూ దూరం వెళ్లిపోతాయి. బయల్దేరే ముందు అక్కడి ఆటోవాళ్లకు ఫోన్ చేసి రోడ్డు పక్కన నీళ్లు ఎంత మేర ఉన్నాయో కనుక్కోండి.