పొగ కొట్టడమా, తొట్టి కడగడమా, వోల్బాకియా దోమలా: ఏది మేలు?

డెంగీ కేసులు పెరిగాయనగానే అందరూ అడిగేది ఫాగింగే. బండి వస్తుంది, పొగ కమ్ముకుంటుంది, ఏదో పని జరిగినట్టే ఉంటుంది. కానీ డెంగీని మోసే ఏడిస్ దోమల విషయంలో దాని మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. ఆ కాసేపట్లో పొగ తగిలిన దోమలే చస్తాయి. వాటిలో ముఖ్యమైన రకం ఏడిస్ ఈజిప్టి ఎక్కువగా ఇళ్లలోనే, మంచాల కింద, వేలాడే బట్టల చాటున నక్కి ఉంటుంది. గుడ్లకు పొగతో పనే లేదు. పైగా చాలాచోట్ల దోమలు ఆ మందులను తట్టుకోవడం నేర్చేశాయి. కేసులు వరసపెట్టి వస్తున్నప్పుడు అదనపు సాయంగా వాడుకోవచ్చు, అంతే.

వారానికోసారి నిల్వనీళ్లు పారబోయడం విసుగు పుట్టించే పని. అయినా వేడి రోజుల్లో గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి ఆ లెక్క తప్పకూడదు. ఒక చిక్కుంది. గుడ్లు ఉండేది నీళ్లలో కాదు, నీటిమట్టానికి కాస్త పైన, తొట్టి గోడకు నల్లటి నలుసుల్లా అతుక్కుని. ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి. అందుకే ఒంపేస్తే సరిపోదు, పీచుతో గోడలు గట్టిగా రుద్దాలి. పాత టైర్లలో ఓడలెక్కి ఖండాలు దాటినవీ ఈ గుడ్లే. అలా ఏడిస్‌లోనే మరో రకమైన ఆసియా టైగర్ దోమ 1985లో టెక్సాస్‌లో, 1990లో ఇటలీలోని జెనోవాలో బయటపడింది. 2007లో ఇటలీలోనే రవెన్నా ప్రాంతంలో సుమారు 200 మందికి చికున్‌గున్యా అంటించింది.

ఇక వోల్బాకియా. ఈ బ్యాక్టీరియా ఉన్న ఈజిప్టి దోమలో డెంగీ వైరస్ సరిగా పెరగదు. తల్లి నుంచి గుడ్లకు అదే పాకుతుంది. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో వీటిని వదిలిన చోట డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ఫలితాలు వచ్చాయి. 'తగ్గించమంటే ఇంకా దోమల్ని వదులుతారా?' అని జనం గొడవపడటం సహజమే, ముందే కూర్చోబెట్టి చెప్పాలి. సింగపూర్ దారి వేరు: వోల్బాకియా ఉన్న మగ దోమల్నే వదిలి, గుడ్లు పొదగకుండా చేసి సంఖ్య తగ్గిస్తుంది. ఆ వదలడం ఆపితే దోమలు మళ్లీ పెరుగుతాయి.

ఈజిప్టి నిండిన, ఏటా డెంగీ వచ్చే పెద్ద నగరమైతే నా ఓటు యోగ్యకర్తా పద్ధతికే. టైగర్ దోమ కొత్తగా అడుగుపెట్టిన చోట ఆ 77 శాతాన్ని చూపించి లాభం లేదు, అది వేరే దోమ మీద వచ్చిన లెక్క. అక్కడ ముందు టైర్ల గుట్టలు, పెరటి తొట్లు చూడాలి.