మెర్ల్ హ్యాగర్డ్ ‘ఇఫ్ ఐ కుడ్ ఓన్లీ ఫ్లై’: పదకొండేళ్లుగా వింటున్నాను

ఈ సీడీ కొన్నప్పుడు నాకు అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతంతో పెద్దగా పరిచయం లేదు. కాలిఫోర్నియాలో ఉద్యోగం, వారానికి రెండుసార్లు 99వ నంబరు రహదారి మీద బేకర్స్‌ఫీల్డ్ మీదుగా ప్రయాణం. వారం వారం దాటే ఊరి గాయకుడే కదా అని పాత సీడీల దుకాణంలో తీసుకున్నాను. మొదటిసారి విన్నప్పుడు నచ్చలేదు. గొంతు అలసిపోయిందనిపించింది. ఆ అలసటే ఇందులో అన్నిటికంటే విలువైనదని తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

ఈ ఆల్బమ్ 2000లో వచ్చేనాటికి హ్యాగర్డ్‌కు 63 ఏళ్లు. అమెరికా కంట్రీ పాటల పట్టికలో 38 సార్లు మొదటి స్థానం చూసిన మనిషి. కానీ అప్పటికి రేడియోలు కుర్రగాయకుల వైపు మళ్లాయి. అలాంటి సమయంలో ఆయనకు చోటిచ్చింది యాంటీ అనే చిన్న కంపెనీ. పంక్ రాక్ పాటలు తెచ్చే ఎపిటాఫ్‌కు అది అనుబంధ సంస్థ, మొదలై ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. రేడియోకు పనికొచ్చే పాట కావాలని ఎవరూ వెంటపడలేదేమో అనిపిస్తుంది, ఈ 12 పాటల్లో ఉన్న తీరుబడి వింటుంటే.

తొలి పాటే చూడండి. పాత మిత్రులు మత్తుమందు పీలుస్తుంటే, తనలో లేచే కోరికను బిగబట్టుకుని కూర్చున్న మనిషితో పాట మొదలవుతుంది. మానేశానన్న గొప్ప లేదు, పశ్చాత్తాపపు ఉపన్యాసం లేదు. ఆ రోజులు తిరిగొస్తే బాగుండునన్న ఆశను కూడా దాచుకోడు. అరవై దాటినవాడు ఇంత నిజం పాడటం నేను ఇంకెక్కడా వినలేదు.

ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట ఆయన రాసింది కాదు. 1989లో ఆస్టిన్‌లో తుపాకీ గుండుకు బలైన టెక్సస్ గాయకుడు బ్లేజ్ ఫోలీది. హ్యాగర్డ్ 1987లోనే మరో కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్‌తో కలిసి దీన్ని పాడాడు. ఆ పాత యుగళం బాగుంటుంది, కానీ ఇక్కడ ఒంటరిగా పాడినదే నాకు పాట. ఎగరగలిగితే ఈ చోటు విడిచి నీ దగ్గరికి వచ్చేవాణ్ని అంటాడు. ఆ మాట దగ్గర గొంతు పైకి లేవదు, కిందికి దిగుతుంది. మధ్యలో ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తుంది. రాజమండ్రిలో మా నాన్నకు గుండె ఆపరేషన్ జరిగిన రాత్రి, మర్నాటి వరకు విమానం లేదు. ఆఫీసు బయట కారులో కూర్చుని ఈ పాట ఒక్కటే మళ్లీ మళ్లీ విన్నాను.

‘ఐయామ్ స్టిల్ యువర్ డాడీ’ గురించి చెప్పకుండా ఉండలేను. హ్యాగర్డ్ తొమ్మిదేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకున్నాడు. దొంగతనాల దారి పట్టి శాన్ క్వెంటిన్ జైలుకు చేరి, 1960లో బయటికొచ్చాడు. 1972లో అప్పటి కాలిఫోర్నియా గవర్నర్ రొనాల్డ్ రీగన్ పూర్తి క్షమాభిక్ష ఇచ్చారు. ప్రభుత్వం మాఫీ చేసినా, కన్నపిల్లల దగ్గర మాత్రం ఆయనే నోరు విప్పాలి కదా. ఆ నోరు విప్పడమే ఈ పాట. నాకు కొడుకు పుట్టాక దీన్ని వినే తీరే మారిపోయింది.

అన్నీ ఒకే ఎత్తున లేవు. ‘బేర్‌బ్యాక్’ను ఇప్పటికీ దాటేస్తాను. ‘హాంకీ టాంక్ మామా’ హుషారైన పాటే, కానీ మొదటి పాట బరువు మనసులోంచి దిగకముందే వచ్చేస్తుంది. వరుసలో ఇంకాస్త వెనక ఉండాల్సింది. హ్యాగర్డ్ పేరు మొదటిసారి వింటున్నవాళ్లు ముందు ఆయన 1960ల పాటలు కొన్ని విని రండి. ఆ నిండు గొంతు తెలిస్తేనే ఈ గొంతులో ఏం మిగిలిందో, ఏం కొత్తగా వచ్చి చేరిందో తెలుస్తుంది.

నాన్న కోలుకుని, రెండేళ్ల తర్వాత మా దగ్గరికి వచ్చారు. ఇంగ్లీషు పాటలు ఆయనకు అలవాటు లేదు. విమానాశ్రయం నుంచి ఇంటికి వస్తుంటే కారులో ఇదే మోగుతోంది. తీసేద్దామని చెయ్యి చాచాను. “ఉండనీరా, పెద్దాయనలా ఉన్నాడు,” అన్నారు. పాట అయిపోయాక, మళ్లీ పెట్టమన్నారు.