పాత అవుట్‌బోర్డూ, రబ్బరు బుడ్డీ: పదకొండేళ్ళ వాడకం

మా నావ వెనక బిగించుకునే ఈ అవుట్‌బోర్డు మోటారు ఎన్ని హార్స్‌పవరు, ఎన్ని కేజీలు అనేవి దాని ఒంటిమీదే రాసుంటాయి, మళ్ళీ నేను చెప్పక్కర్లేదు. అయినా ఒక్కమాటలో, 9.9 హార్స్‌పవరు, రెండు సిలిండర్లు, టూ స్ట్రోకు, తాడు లాగి స్టార్టు చేసేది. 2014లో సెకండ్ హ్యాండులో కొన్నాను. కంపెనీ పేరు వదిలేస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయే గొడవ ఈ రకం పాత మోటార్లన్నిటికీ వచ్చేదే. నిజానికి ఇది మోటారు గురించి కూడా కాదు. ట్యాంకు నుంచి మోటారుకి వచ్చే పెట్రోలు గొట్టం మధ్యలో కోడిగుడ్డంత రబ్బరు బుడ్డి ఒకటి ఉంటుంది చూడండి, దాని గురించి. షాపువాళ్ళు ప్రైమర్ బల్బు అంటారు, మా ఇంట్లో బుడ్డి.

ఇన్నాళ్ళూ ఎవరడిగినా "కళ్ళు మూసుకుని కొనెయ్, మూడో లాగుకి అంటుకోకపోతే నన్నడుగు" అనేవాణ్ని. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, కళ్ళు మాత్రం తెరిచే ఉంచండి.

2024 జూన్ 15. ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల చేపల వేట నిషేధం అయిపోయిన మర్నాడు. తెల్లారకుండానే కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేరులోంచి నేనూ మా బావా బయల్దేరాం. రెండో లాగుకే అంటుకుంది. ఏట్లో నెమ్మదిగా వచ్చినంతసేపూ గడియారంలా కొట్టుకుంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి బేలోకి రాగానే హ్యాండిలు పూర్తిగా తిప్పాను. ఒక్క నిమిషం నావ ముక్కు లేపి పరిగెత్తింది. ఆ తర్వాత ఎవరో పీక పట్టుకున్నట్టు గురగురమని దిగిపోయింది. ఆగిపోదు, ఆగిపోయినా బాగుండును. సగానికి తగ్గిస్తే మళ్ళీ సాఫీగా నడుస్తుంది. పూర్తిగా తిప్పితే ఇంకో నిమిషం ఆశ పెట్టి మళ్ళీ అదే మూలుగు. హోప్ ఐలాండు పక్కకి చేరేసరికి గంటన్నర పట్టింది. మామూలుగా అది నలభై నిమిషాల దారి.

మెకానిక్కు దగ్గర మూడు రోజులుంది. ప్లగ్గులు మార్చాడు. కార్బురేటరు విప్పి, పెట్రోలు వెళ్ళే సన్న రంధ్రాలు, అదే జెట్లు, ఊదాడు. నీళ్ళ డ్రమ్ములో పెట్టి ఆడిస్తే బంగారంలా ఆడింది. ఆడక ఏం చేస్తుంది? డ్రమ్ములో మనుషుల్లేరు, వలల్లేవు, ఎదురు కెరటం లేదు. అందులో పూర్తి రేజింగు ఇస్తే నీళ్ళన్నీ బయటికి చిమ్ముతాయి కాబట్టి ఎవరూ ఇవ్వరు. పెట్రోలు సరిగ్గా వస్తోందా అని నేనడిగితే, గొట్టం మోటారు దగ్గర ఊడదీసి బుడ్డి నొక్కి చూపించాడు. ధార కట్టి కొట్టింది. "చూశావా తమ్ముడూ, పెట్రోలుకి లోటు లేదు, ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిలే వీకు" అన్నాడు. కాయిలూ మార్చాం. మొత్తం 8,400 రూపాయలు. మర్నాడు బేలో మళ్ళీ అదే గురగుర.

ఆయన్ని తప్పుపట్టను. తీసేసిన పాత ప్లగ్గులు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి, వాటిని నా చేత్తోనే సంచిలో వేసుకున్నాను. టూ స్ట్రోకు ప్లగ్గు మొన లేత గోధుమరంగులో ఉండాలి. తెల్లగా కాలిందంటే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని అర్థం. జవాబు జేబులోనే పెట్టుకుని తిరిగాను.

దారి చూపించింది మా నాన్న. మోకాళ్ళ నొప్పులతో నావెక్కడం మానేసి నాలుగేళ్ళయింది, మంచం మీంచే అడిగాడు: "దానికి దమ్ము లేక కాదురా, దాహం. ట్యాంకు మూత మీద గాలి స్క్రూ వదులు చేశావా?"

"చేశాను నాన్నా."

"అయితే ఈసారి అది మూలిగినప్పుడు బుడ్డి నొక్కమను మీ బావని."

నొక్కాడు. మూలుగుతున్న మోటారు ఒక్కసారిగా గొంతు పెంచి లేచింది. ఆపితే పడిపోయింది, నొక్కితే లేచింది. బావ ఆవుని పితికినట్టు పితుకుతూ కూర్చున్నాడు, నేను ఆ రోజు ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాను.

ఆ బుడ్డి ఎంత పనిమంతురాలో అప్పటిదాకా నాకు తెలీదు. పొద్దున్నే బాణం గుర్తు పైకి ఉండేలా పట్టుకుని గట్టిపడేదాకా నొక్కడం, అంతవరకే దాని ఉద్యోగం అనుకున్నాను. బలం తగ్గినప్పుడు దాన్ని చేత్తో పట్టుకుంటే చాలు, సగం రోగం చెప్పేస్తుంది. బుడ్డి చప్పగా అతుక్కుపోయి ఉంటే అడ్డం ట్యాంకు వైపే: గాలి స్క్రూ, లోపలి జాలీ, లేదా ఆ వైపు గొట్టం. బుడ్డి మామూలుగానే ఉండి, నొక్కితే మోటారు లేస్తే, పెట్రోలు పంపులో కొట్టుకునే పల్చటి పొర, అదే డయాఫ్రం, అలిసిపోయిందనో, ఎక్కడో గాలి పీలుస్తోందనో, లేకపోతే బుడ్డికీ మోటారుకీ మధ్యలో ఏదో అడ్డుందనో. ఎంత నొక్కినా మోటారు పలక్కపోతే అప్పుడు జెట్లు, కాయిళ్ళు వెతుక్కోవాలి. మోటారు కీచుమని అరుస్తూ నావ మాత్రం కదలకపోతే అది వేరే జబ్బు, పంకా లోపలి రబ్బరు జారిపోయినట్టు. అది నాకు 2019లో అయింది.

మా బుడ్డి మామూలుగానే ఉంది, నొక్కితే లేస్తోంది. కాబట్టి డయాఫ్రం అన్నాను నేను, పెద్ద డాక్టర్లా. కిట్టు కాకినాడలో దొరక్క విశాఖ నుంచి వచ్చేసరికి మూడు వారాలు. ఈలోగా వేట మానలేం కదా, నిషేధం తర్వాత చేపలు పడే రోజులవి. బావ పితుకుతుంటే నేను నడిపాను. ఈ పదకొండేళ్ళలో నేను చేసిన వెధవ పని ఏదైనా ఉందంటే అదే. ఈ మోటార్లకి ఆయిలు వేరే తొట్టిలో ఉండదు, పెట్రోల్లోనే కలుపుతాం, 25 లీటర్లకి అర లీటరు. పెట్రోలు అందలేదంటే ఆయిలూ అందనట్టే. దాహంతో ఉన్నవాణ్ని ఎండలో పరిగెత్తించాం.

కిట్టు వేశాక నిమిషం కాస్తా ఐదు నిమిషాలయింది. పూర్తిగా పోలేదు. అసహ్యమేసి ఒకరోజు సాయంత్రం బుడ్డికీ మోటారుకీ మధ్య ఉన్న గొట్టం తీసి బ్లేడుతో నిలువునా చీల్చాను. పైకి కొత్తదానిలా నల్లగా నిగనిగలాడుతోంది. లోపల ఉండాల్సిన పల్చటి పొర మాత్రం గోడ విడిచి పాము కుబుసంలా వేలాడుతోంది.

అప్పుడర్థమైంది మెకానిక్కుకి ధార ఎందుకు కట్టిందో. బుడ్డి నొక్కితే పెట్రోలు లోపల్నించి తోస్తుంది, పొర గోడకి అతుక్కుని దారి ఇస్తుంది. మోటారు పంపు మాత్రం అవతల్నించి పీలుస్తుంది, పీలిస్తే పొర లోపలికి ముడుచుకుంటుంది. నెమ్మదిగా నడిపితే పీల్పు తక్కువ, దారి ఉంటుంది. ఎంత గట్టిగా పీలిస్తే అంత గట్టిగా మూసుకుంటుంది. సగం థ్రాటిల్‌లో పతివ్రత, పూర్తి థ్రాటిల్‌లో మోసగత్తె.

ఆ గొట్టం మోటారుతో వచ్చింది కాదు. 2021లో మీటరింతని బజార్లో కొన్నది. ఇథనాల్ కలిపిన పెట్రోలుకి పనికొచ్చేదో కాదో నేను అడగలేదు, షాపతను చెప్పలేదు. 2022 నాటికి మన పెట్రోల్లో ఇథనాల్ 10 శాతం, ఇప్పుడు 20. దానికోసం తయారుకాని రబ్బరుని అది నానబెట్టి ఉబ్బిస్తుంది, గాల్లోంచి తేమనీ లాక్కుంటుంది. అలాంటి పెట్రోలుని ట్యాంకులోనూ గొట్టంలోనూ వదిలేసి నేను 61 రోజులు ఇంట్లో కూర్చున్నాను. ఇప్పుడు నిషేధం ముందు గొట్టం ఊడదీసి, మోటారు దానంతటది ఆగిపోయేదాకా ఆడించి, ట్యాంకు ఖాళీ చేస్తున్నాను. గొట్టం, బుడ్డి కలిపి ఇథనాల్‌కి తట్టుకునేవే తెచ్చాను, 2,100 పడింది.

బలం తిరిగొచ్చిందా అంటే వచ్చింది. మొత్తం వచ్చిందా అంటే చెప్పడం కష్టం. ఇదివరకు రెండు సిలిండర్ల కంప్రెషనూ దాదాపు సమానంగా ఉండేది. ఇప్పుడు పైదానిది 15 పౌండ్లు తక్కువ. మెకానిక్కు హెడ్డు విప్పి పై సిలిండరు గోడ మీద సన్నగీతలు చూపించాడు. ఆ మూడు వారాల పుణ్యం. నలుగురెక్కి వల కూడా తడిసి ఉంటే మునుపటిలా ముక్కు లేపడం లేదు. "మూడో లాగుకి" అన్నాను కదా, చలికాలంలో ఐదనుకోండి.

ఇంకొకరు కొనొచ్చా? మేం ముగ్గురం, వెళ్ళేది బే లోపలికి, దూరం పోయినా దీవి అవతల వరకే. ఆ పనికి నాకు ఇది చాలు. ఉప్పాడ వైపు కెరటం విరిగే చోట దాటాల్సిన నావకైతే, అక్కడ నిమిషం బలం పోతే ఏమవుతుందో తెలిసినవాణ్ని కాబట్టి, ఈ వయసు మోటారు ఇమ్మని నేను చెప్పలేను. పైగా నాకు ఇంట్లోనే నాన్న ఉన్నాడు, అది అందరికీ కుదిరే సదుపాయం కాదు.

చీల్చిన గొట్టం ముక్క వసారాలో మేకుకి వేలాడుతోంది. బావ మాత్రం ఇప్పటికీ మొగ దాటగానే బుడ్డి మీద చెయ్యేసి కూర్చుంటాడు. వద్దని నేనూ అనడం లేదు.