టెక్సాస్‌లో గడ్డి చేనుకు పీఆర్‌ఎఫ్ బీమా: కొనేముందు చూసుకోవలసినవి

డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఊరి బయట ఇరవయ్యో యాభయ్యో ఎకరాలు కొనడం బాగా పెరిగింది. ఆస్తి పన్ను తగ్గాలంటే ఆ నేలలో ఏదో ఒక సాగు ఉండాలి. అన్నిట్లోకి తలనొప్పి తక్కువ ఎండుగడ్డి. కోస్టల్ బెర్ముడా గడ్డి ఒకసారి పట్టుకుందంటే ఏళ్ల తరబడి ఉంటుంది, కోసి చుట్టలు కట్టే అతను తన ట్రాక్టరుతో తానే వస్తాడు. నాదీ అదే కథ. ఫానిన్ కౌంటీలో నలభై ఎకరాలు, అంతా గడ్డే. "దీనికి ఇన్సూరెన్సేమైనా ఉందా అన్నా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి, నేను తీసుకున్న పాలసీ గురించి రాస్తున్నా.

పాలసీ పేరు పాశ్చర్, రేంజ్‌ల్యాండ్, ఫోరేజ్, అంటే మేతబీడు, పచ్చికబయలు, పశుగ్రాసం. అందరూ పీఆర్‌ఎఫ్ అంటారు. అమెరికా వ్యవసాయ శాఖలోని రిస్క్ మేనేజ్‌మెంట్ ఏజెన్సీ దీని నిబంధనలు, రేట్లు నిర్ణయిస్తుంది, అమ్మేది ప్రైవేటు కంపెనీల ఏజెంట్లు. 2007లో కొన్ని చోట్ల ప్రయోగంగా మొదలై, ఇప్పుడు అలాస్కా, హవాయి తప్ప మిగతా 48 రాష్ట్రాల్లో ఉంది. రేటు ప్రభుత్వానిది కాబట్టి ఏ ఏజెంటు దగ్గర కొన్నా ప్రీమియం ఒకటే. బేరాలు లేవు. ఓపిగ్గా కూర్చుని లెక్క చూపించేవాణ్ని వెతుక్కోండి, అంతే. కారు బీమా చేసే ఏజెంటుకు ఇది తెలియకపోవచ్చు, పంటల బీమా ఏజెంటే కావాలి.

ఇక అసలు సంగతి. ఈ బీమా మీ గడ్డిని చూడదు. మీ చేనుకు ఎవరూ రారు, ఎన్ని చుట్టలు వచ్చాయని అడగరు, పాత దిగుబడి రసీదులు అక్కర్లేదు. చూసేది వాన ఒక్కటే, అదీ మీ చేలో పడ్డ వాన కాదు. దేశాన్నంతా పావు డిగ్రీ గళ్లుగా గీసి పెట్టారు. మా దగ్గర ఒక్కో గడి ఉత్తర దక్షిణాలు పదిహేడు మైళ్లు, తూర్పు పడమరలు పద్నాలుగు మైళ్ల పైచిలుకు. ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా చుట్టుపక్కల కేంద్రాల లెక్కల నుంచి ఆ గడి మొత్తానికి ఒక అంకె తీస్తుంది. 1948 నుంచి ఉన్న లెక్కల సగటును 100 అనుకుంటే ఈసారి ఎంత పడిందన్నదే ఆ అంకె. అది మీరు ఎంచుకున్న హామీ కంటే దిగితే డబ్బు దానంతట అదే వస్తుంది. అర్జీ పెట్టే పని లేదు.

నేను పుట్టింది అనంతపురం పక్క. వేరుశనగకు వాతావరణ బీమా సంగతి ఇంట్లో వింటూ పెరిగాను కాబట్టి ఈ పద్ధతి వింతగా అనిపించలేదు. అవతలి ఊళ్లో కురిసి మన కయ్యలో చినుకు పడకపోవడం రాయలసీమవాడికి ఒకరు చెప్పాలా? టెక్సాస్ ఎండాకాలపు ఉరుముల వానలూ అంతే. రోడ్డుకు అటు పక్క కుండపోత, ఇటు పక్క దుమ్ము. గడి సగటులో అవతలివాడి వాన మీ ఖాతాలో కూడా పడుతుంది. ఇది తెలిసి కొనాలి.

ఏడాదిని రెండేసి నెలల గడువులుగా విడగొట్టారు: జనవరి-ఫిబ్రవరి, ఫిబ్రవరి-మార్చి, అలా నవంబరు-డిసెంబరు దాకా మొత్తం 11. వీటిలో కనీసం రెండు ఎంచుకుని, ఎకరం బీమా విలువను వాటికి పంచాలి. ఒకే నెల రెండు గడువుల్లో రాకూడదు. హామీ 70 శాతం నుంచి 90 దాకా అయిదు మెట్లు. ప్రీమియంలో సగానికి పైగా ప్రభుత్వమే భరిస్తుంది: 70, 75 మెట్లకు 59 శాతం, 80, 85కు 55, 90కి 51. ఎండుగడ్డికీ, మేతబీడుకూ ఎకరం విలువ వేరు. ఎండుగడ్డికే ఎక్కువ, ప్రీమియం కూడా దానికి తగ్గట్టే.

లెక్క సులువుగా ఉండటానికి ఎకరానికి 200 డాలర్లు అనుకుందాం. నిజం అంకె కౌంటీని బట్టి మారుతుంది. 90 శాతం హామీ అంటే 180. అందులో సగం, 90 డాలర్లు, మే-జూన్ మీద పెట్టారు. ఆ రెండు నెలల అంకె 60 వచ్చింది. తొంభైకి ముప్ఫై తక్కువ, అంటే మూడో వంతు. ఎకరానికి 30 డాలర్లు, నలభై ఎకరాలకు 1,200. నష్టమంతా దీంతో పూడదు గానీ, ఎరువు ఖర్చుకు కొంత ఊతం.

ఏ నెలలు పెట్టాలన్న దగ్గరే నాకూ ఒక ఏజెంటుకూ మాట పడలేదు. ఆయన పాత అంకెలు తిరగేసి చలికాలం గడువులు పెట్టమన్నాడు, "డబ్బు ఎక్కువసార్లు వచ్చింది అక్కడే" అని. జనవరిలో బెర్ముడా గడ్డి ఎండి నిద్రపోతూ ఉంటుంది. అప్పుడు వాన రాకపోతే డబ్బొచ్చి, జూన్‌లో చేను మాడితే పైసా రాకపోతే అది బీమా ఎలా అవుతుంది? మట్కా అవుతుంది. నేను మార్చి-ఏప్రిల్, మే-జూన్, జులై-ఆగస్టు పెట్టాను. మొదటి కోతకు పదును ఇచ్చేది, రెండో కోతను నిలబెట్టేది ఆ వానలే. ఏజెన్సీ సైటులో మీ గడి నొక్కితే 1948 నుంచి ప్రతి గడువుకూ వచ్చిన అంకెలు కనబడతాయి. 2011 తప్పకుండా చూడండి. టెక్సాస్ రికార్డుల్లో బాగా ఎండిన ఏళ్లలో అదొకటి. రాష్ట్రం మొత్తం మీద సాగు నష్టం 762 కోట్ల డాలర్లని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వ్యవసాయ విస్తరణ విభాగం లెక్క కట్టింది.

తర్వాత 2015 మే కూడా తీసి చూడండి. టెక్సాస్‌లో రికార్డు స్థాయిలో వానలు పడ్డ నెల అది. అలాంటి నెలలో కోసి పరిచిన గడ్డి ఆరదు, నల్లబడి బూజు పడుతుంది, గొడ్లు మూతి తిప్పుకుంటాయి. కానీ అంకె వంద దాటిపోతుంది కాబట్టి బీమా లెక్కలో మీకు అది బంగారం లాంటి ఏడాది. ఒక్క డాలరు రాదు. లద్దె పురుగు రాత్రికి రాత్రి చేను బోడి చేసినా రాదు. తడి ఆరకుండా కట్టిన చుట్టలు లోపల వేడెక్కి, షెడ్డులో వాటంతట అవే అంటుకున్నా రాదు. కట్టిన చుట్టలకు వేరే ఫార్మ్ ప్రాపర్టీ పాలసీ ఉండాలి.

మనవాళ్లలో చాలామందికి తగిలే చిక్కు ఇంకొకటుంది. నేల మీది కావడం చాలదు, గడ్డిలో మీకు వాటా ఉండాలి. గుత్తకు ఇచ్చేసి ఏడాదికి ఇంతని డబ్బు పుచ్చుకుంటుంటే గడ్డి గుత్తదారుది, వాన రాని నష్టం ఆయనది, బీమా కొనే హక్కూ ఆయనదే. సగం కోరుకు ఇచ్చి చుట్టలు పంచుకుంటుంటే మీ సగానికి మీరు, ఆయన సగానికి ఆయన తీసుకోవచ్చు. మాది సగం కోరు. నోటిమాటగా నడుస్తుంటే ఒక కాగితం రాసుకోండి.

కాగితాలంటే గుర్తొచ్చింది. ప్రీమియంలో ప్రభుత్వ రాయితీ కావాలంటే వ్యవసాయ శాఖ వాళ్ల ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ (ఎఫ్‌ఎస్‌ఏ) స్థానిక కార్యాలయంలో ఏడీ-1026 అనే నేల సంరక్షణ హామీ ఫారం ఉండాలి. చేరడానికి ఆఖరు తేదీ డిసెంబరు 1, వచ్చే క్యాలెండరు ఏడాదికి. గడువులూ పంపకమూ ఆ తర్వాత మార్చలేరు. ప్రీమియం ముందే కట్టక్కర్లేదు, బిల్లు ఏడాది నడుమ దాటాక వస్తుంది. ఈలోగా మీకు రావలసింది ఉంటే అందులోంచి తగ్గించుకుంటారు. పాలసీ ఏటా దానంతట అదే కొనసాగుతుంది. వద్దనుకుంటే మీరే ఆ ఆఖరు తేదీలోపు రద్దు చేసుకోవాలి. అమ్మేటప్పుడు ఈ మాట మెల్లగా చెబుతారు, గట్టిగా అడగండి. వచ్చిన పరిహారం పన్ను కట్టాల్సిన ఆదాయమే, సాగు ఆదాయం రాసే పన్ను ఫారం షెడ్యూల్ ఎఫ్‌లో చూపాలి.

పీఆర్‌ఎఫ్ బహువార్షిక గడ్డికే. ఏటా విత్తే సుడాన్ గడ్డి, ఓట్స్ లాంటి వాటికి టెక్సాస్‌లో యాన్యువల్ ఫోరేజ్ పాలసీ ఉంది, అదీ వాన అంకె మీదే నడుస్తుంది. అల్ఫాల్ఫా (లూసర్న్ గడ్డి) వేసేవాళ్లకు కొన్ని రాష్ట్రాల్లోని కొన్ని కౌంటీల్లో దిగుబడి చూసి ఇచ్చే బీమా దొరుకుతుంది. పంటల బీమా లేని చోట ఎఫ్‌ఎస్‌ఏ వాళ్ల న్యాప్ అనే నష్ట సాయం పథకం ఉంది: పంటకు 325 డాలర్ల రుసుము, సగానికి మించి పోతేనే, అదీ మార్కెట్ ధరలో 55 శాతం లెక్కన. కొత్తగా సాగులోకి వచ్చినవాళ్లకు రుసుము మాఫీ ఉంది, అడిగి చూడండి. అయితే నష్టం జరిగిన 15 రోజుల్లో తెలపాలి, రికార్డులు ఉంచాలి. వారమంతా డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటూ శనివారం చేనుకు పోయే నాలాంటివాడికి ఆ పని కష్టం.

అయిదుకు మూడున్నర ఇస్తాను. పోయిన ఒకటిన్నరలో ఎక్కువ భాగం ఆ గడి వెడల్పుకే. పది ఎకరాల లోపు ఉండి, పన్ను కోసమే గడ్డి పెంచేవాళ్లు దీని జోలికి పోనక్కర్లేదు. చుట్టలు అమ్మి ఎరువు, కోత ఖర్చు రాబట్టుకునేవాళ్లు మాత్రం అక్టోబరులోనే ఏజెంటును పట్టుకోండి. ఎకరాలన్నీ పెట్టాలనేం లేదు. నేను ఈసారి వాగు పక్క తడి ఆరని పన్నెండు ఎకరాలు వదిలేసి మిట్ట భాగానికే, 85 శాతం హామీతో రాయిస్తున్నా.