1980 డెట్రాయిట్ ఆల్‌స్టార్ మ్యాచ్ రికార్డింగు: పరిచయాలు కత్తిరించని ప్రతినే చూడండి

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన నేషనల్ హాకీ లీగ్ 1980 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో నిర్వహించిన ఆల్‌స్టార్ మ్యాచ్‌ను (వివిధ జట్ల మేటి ఆటగాళ్లను ఏరి ఆడించే మ్యాచ్‌ను) ఈ రోజు చూడదలచినవారు నాటి టెలివిజన్ ప్రసారపు రికార్డింగును ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. గోల్స్ మాత్రమే ఏరి కూర్చిన ముక్కలతో తృప్తిపడితే ఈ మ్యాచ్‌లో అసలైనది చేజారిపోతుంది. ఆట మొదలు కాకముందు జరిగిన ఆటగాళ్ల పరిచయ కార్యక్రమం పూర్తిగా ఉన్న ప్రతినే వెతికి చూడాలి. ఆటను మాత్రమే కొలిస్తే దీన్ని మధ్యరకం మ్యాచ్ అంటాను. పరిచయంతో కలిపి చూస్తే మాత్రం ఐస్ హాకీ ప్రసారాల్లో దీనికి సాటి వచ్చేవి చాలా తక్కువని నా దృఢమైన అభిప్రాయం.

కారణం గోర్డీ హౌ. 1946లో డెట్రాయిట్ రెడ్ వింగ్స్ జట్టులో చేరి, 25 సీజన్లు అక్కడే ఆడి, ఆ జట్టుకు 4 సార్లు లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ తెచ్చిపెట్టిన ఈ ఆటగాడు 1971లో మణికట్టు నొప్పితో ఆట మానేశాడు. రెండేళ్లకే మళ్లీ స్టిక్ పట్టి, పోటీ లీగ్ అయిన వరల్డ్ హాకీ అసోసియేషన్‌లో తన కొడుకులు మార్క్, మార్టీలతో కలిసి హ్యూస్టన్ జట్టుకు ఆడాడు. 1979లో ఆ లీగ్ మూతపడి అందులోని 4 జట్లు నేషనల్ హాకీ లీగ్‌లో చేరినప్పుడు హార్ట్‌ఫర్డ్ వేలర్స్ ఆటగాడిగా పాత లీగ్‌కు తిరిగి వచ్చాడు. అప్పటికి ఆయన వయసు 51. ఆ సీజన్‌లో తన జట్టు ఆడిన 80 మ్యాచ్‌ల్లోనూ ఆడి 15 గోల్స్ చేశాడు. అంకెలనే చూస్తే ఆల్‌స్టార్ జట్టులో చోటు దక్కేంత లెక్క కాదది. అయినా లీగ్ జట్లను విభజించిన రెండు వర్గాల్లో ఒకటైన వేల్స్ కాన్ఫరెన్స్ కోచ్ స్కాటీ బౌమన్ ఆయన్ను ఎంపిక చేశాడు. ఆ ఎంపిక సరైనదా కాదా అన్న ప్రశ్నకు జవాబు ఈ రికార్డింగులోనే ఉంది.

ఆటగాళ్లను ఒక్కొక్కరినే పిలుస్తుంటే వారు మంచు మీదికి వచ్చి నీలి గీత వెంట వరుసగా నిలబడతారు. హౌను అందరికంటే చివర పిలిచారు. ప్రకటనకర్త ఆయన పేరు పలకలేదు. హార్ట్‌ఫర్డ్ జట్టు నుంచి, మొత్తం హాకీ క్రీడకు ప్రతినిధిగా, 5 దశాబ్దాల పెద్దమనిషి అని చెప్పి, 9వ నంబరు అని మాత్రమే అన్నాడు. ఆ పైన అతని గొంతు వినిపించదు. జో లూయిస్ అరీనాలో ఆ రోజు 21,002 మంది ఉన్నారు. నేషనల్ హాకీ లీగ్ మ్యాచ్‌కు అంతమంది రావడం అప్పటికి రికార్డు. వారంతా లేచి నిలబడి చేసిన చప్పట్లు ఆగవు, "గోర్డీ, గోర్డీ" అన్న కేకలు ఆగవు. తలపై హెల్మెట్ లేదు, నెరిసిన జుట్టు దీపాల వెలుగులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ మనిషి వరుసలో కుదురుగా నిలబడలేక అటూ ఇటూ కదులుతాడు, తల వంచుకుంటాడు, బెంచీ వైపు జరుగుతాడు. పరాయి జట్టు చొక్కా వేసుకుని వచ్చినా డెట్రాయిట్ ఆయన్ను ఇంటి మనిషిగానే నెత్తిన పెట్టుకుంది. ప్రసారకులు ఆ నిమిషాలను కుదించకుండా, కెమెరాను ఆయన మీదే ఉంచినందుకు వారికి ఎంతైనా రుణపడి ఉండాలి.

ఇక ఆట విషయానికి వస్తే, ఆల్‌స్టార్ మ్యాచ్‌ల్లో ఢీకొట్టుకోవడం తక్కువ కనుక మొదటి భాగం కాస్త నింపాదిగా సాగుతుంది. లారీ రాబిన్‌సన్ చేసిన తొలి గోల్ బాగుంటుంది. ఎదుటి పక్షమైన క్యాంబెల్ కాన్ఫరెన్స్‌లో 19 ఏళ్ల వేన్ గ్రెట్‌స్కీ తన మొదటి నేషనల్ హాకీ లీగ్ ఆల్‌స్టార్ మ్యాచ్ ఆడుతున్నాడు. చిన్నప్పటి నుంచి హౌను ఆరాధించి, 9వ నంబరు దొరకక 99 వేసుకున్న కుర్రవాడతను. అంతకు ఏడాది ముందే పోటీ లీగ్ ఆల్‌స్టార్ జట్టులో, మాస్కో డైనమో మీద, ఇద్దరూ ఒకే వరుసలో ఆడారు. ఈ మ్యాచ్‌లో గ్రెట్‌స్కీ గోల్ చేయలేదు. అయినా ఒకే మంచు మీద హెల్మెట్ లేని తలపై దీపం పడుతున్న హౌను, హెల్మెట్ పెట్టుకుని సన్నగా జారిపోతున్న గ్రెట్‌స్కీని చూస్తుంటే, 1989లో ఈ కుర్రవాడే హౌ 1,850 పాయింట్ల (గోల్స్, గోల్‌కు అందించిన పాస్‌లు కలిపిన లెక్క) రికార్డును, 1994లో 801 గోల్స్ రికార్డును దాటబోతాడన్న సంగతి తెలిసిన మనకు ఆ దృశ్యం మరింత విలువైనదిగా తోస్తుంది.

మూడో పీరియడ్ దగ్గర మాత్రం కుర్చీలో నుంచి లేవకండి. ఒక దశలో క్యాంబెల్ జట్టు 3–2తో ముందుంది. అక్కడి నుంచి వేల్స్ జట్టు వరసగా 4 గోల్స్ చేసి 6–3తో గెలిచింది. ఆ చివరి గోల్ క్యూబెక్ ఆటగాడు రేయల్ క్లూటియేది, అతనికి పక్ (ఐస్ హాకీలో బంతికి బదులు వాడే బిళ్ల) అందించిన చేయి హౌది. 51 ఏళ్ల మనిషి వేగంతో కాక, పక్ ఎక్కడికి రాబోతోందో ముందే పసిగట్టి సరైన చోట నిలబడటంతో ఆ పని చేశాడు. హాకీ నేర్చుకునే పిల్లలున్నవారు ఈ భాగాన్ని వారికి వెనక్కి తిప్పి మరీ చూపించాలి. ఉత్తమ ఆటగాడి బహుమతి ఓడిన జట్టులోని రెగీ లీచ్‌కు వెళ్లింది. అతను దానికి అర్హుడే.

లోపాలూ చెప్పాలి. బొమ్మ నాణ్యత ఆనాటిదే. పక్ వేగంగా కదిలినప్పుడు కంటికి ఆనదు, బోర్డుల దగ్గర గుంపు ఏర్పడితే ఆటగాళ్ల కదలికలను బట్టి ఊహించుకోవలసిందే. ఈ రోజుల్లోలాగా స్కోరు, సమయం ఎప్పుడూ తెర మీద ఉండవు కనుక మధ్యలో చూడటం మొదలుపెట్టినవారు తికమకపడతారు. వెనుకటి ఆటగాళ్ల పేర్లు తెలియనివారు ముందుగా రెండు జట్ల జాబితాలు చదువుకుని కూర్చోవడం మంచిది. ఒకటి మాత్రం ఈ ప్రసారానికి అనుకూలం: ఇరుపక్షాలూ గోల్‌కీపర్ కాక ఐదుగురేసి ఆటగాళ్లతో పూర్తి మ్యాచ్ ఆడాయి. 2016లో మొదలైన ముగ్గురేసి ఆడే పొట్టి ఆల్‌స్టార్ పోటీలు నాకు ఇంత తృప్తినివ్వలేదు.

మిషిగన్‌లో స్థిరపడిన తెలుగువారికి ఇందులో మరో ఆసక్తి ఉంది. 2015లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) మహాసభలు జరిగిన కోబో సెంటర్ పక్కనే, నది ఒడ్డున జో లూయిస్ అరీనా ఉండేది. 2017లో అక్కడ ఆటలు ఆగిపోయాయి, తరువాత ఆ కట్టడాన్ని కూల్చేశారు. 1979 డిసెంబరులో తెరిచిన ఆ అరీనా కొత్తగా ఉన్న రోజుల్లో, కిక్కిరిసిన మెట్ల వరుసలతో, ఈ రికార్డింగులో కనిపిస్తుంది. బొమ్మ మసకకు ఒక మార్కు తగ్గించి 5కు 4 ఇస్తున్నాను. పరిచయాల దగ్గర శబ్దం పెంచి చూడండి.