డిస్క్‌యుటిల్ కమాండ్: రెండు మ్యాక్‌ల మీద వాడి చూశాక

పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేయడం నా పని. షాపులో పాత ఐమ్యాక్ మీద యోసెమిటీ, ఇంట్లో మ్యాక్ మినీ మీద హై సియెర్రా (రెండూ మ్యాక్ సాఫ్ట్‌వేర్ వెర్షన్లే, రెండోది కొత్తది). రెండింట్లోనూ పర్మిషన్లు, అంటే ఏ ఫైలు ఎవరిది, ఎవరు మార్చొచ్చు అనే సెట్టింగులు సరిచేయడానికి టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే యాప్) డిస్క్‌యుటిల్ కమాండే వాడాను.

యోసెమిటీలో నాకు బాగా నచ్చింది వెరిఫై పర్మిషన్స్. ఫలానా ఫైలుకు ఓనర్ 0 (అంటే సిస్టమ్) ఉండాలి, 501 (అంటే ఒక యూజర్ నంబర్) ఉంది అని వరుసగా చూపిస్తుంది. అది చదివాకే రిపేర్ కొట్టేదాన్ని. ఏఆర్‌డీఏజెంట్ అనే సిస్టమ్ ఫైలు మారిపోయింది, దాన్ని సరిచేయడం లేదు అని ఒక హెచ్చరిక మాత్రం ప్రతిసారీ వచ్చేది. మొదటిసారి టెన్షన్ పడ్డాను కానీ, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

2015లో తర్వాతి వెర్షన్ ఎల్ కాపిటాన్ వచ్చాక సిస్టమ్ ఫైళ్లను ఎవరూ మార్చకుండా ఎస్ఐపీ అనే కాపలా పెట్టి, డిస్క్ యుటిలిటీ యాప్‌లో ఆ రిపేర్ బటన్ తీసేశారు. హై సియెర్రాలో పర్మిషన్ల కోసం డిస్క్‌యుటిల్‌కు మిగిలింది మన హోమ్ ఫోల్డర్‌ను సరిచేసే రీసెట్ యూజర్ పర్మిషన్స్. ముందుగా చూపించే వెరిఫై లేదు. అందుకే ఫైళ్ల ఓనర్ ఎవరో ముందు మీరే చూసుకోండి.

నా సంగతే చెప్తాను. మాఘమాసం ముహూర్తాల హడావిడిలో షాపు మెషిన్లోని తమ్ముడి అకౌంట్‌ను, సెట్టింగులుండే లైబ్రరీ ఫోల్డర్‌తో సహా, సూడో (అడ్మిన్ అధికారం) పెట్టి డిట్టో అనే కాపీ కమాండ్‌తో ఇంట్లో మినీలోని నా అకౌంట్‌లోకి కాపీ చేశాను. ఆ తర్వాత డాక్‌లో ఏం మార్చినా రీస్టార్ట్ కాగానే మళ్లీ మొదటికే. ఫోల్డర్ జరిపితే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఫైళ్ల ఓనర్ నంబర్ చూపించే ఎల్ఎస్ మైనస్ ఎల్ఎన్ కొడితే ఓనర్ 502 అని కనిపించింది. మన యూజర్ నంబర్ చూపించే ఐడీ మైనస్ యూ కొడితే నా నంబర్ 501. తమ్ముడి నంబర్ ఫైళ్లతోపాటు వచ్చేసింది!

రీసెట్ కొట్టాను, 69841 ఎర్రర్ వచ్చింది. దానికి మందు చిఫ్లాగ్స్, ఫైళ్ల లాకులు పెట్టే, తీసే కమాండ్. మైనస్ పెద్ద ఆర్ (లోపలివన్నీ), నోయూచేంజ్ (లాక్ తీసేయ్), టిల్డా (హోమ్ ఫోల్డర్) పెట్టి నడిపి, మళ్లీ రీసెట్ కొడితే పనైంది. రీస్టార్ట్ చేశాక డాక్ మార్పులు నిలిచాయి, పాస్‌వర్డ్ అడగడం ఆగింది.

కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. చిఫ్లాగ్స్ హోమ్ ఫోల్డర్‌లో మీరు పెట్టుకున్న లాకులన్నీ తీసేస్తుంది. క్లయింట్ ఓకే చేసిన ఫైళ్లను నేను గెట్ ఇన్ఫోలో లాక్ చేసి ఉంచుతాను, పొరపాటున కూడా ఎవరూ మార్చకుండా. అవన్నీ తెరుచుకున్నాయి. ఆ రాత్రే కూర్చుని 14 ఆల్బమ్‌లకు మళ్లీ లాక్ పెట్టాను.